ఏ ట్రెడ్‌మిల్ కొనాలిరా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో మొదటి రోజు మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసలో కూర్చున్న మన డ్రిల్లు మాస్టారికి నమస్కారం. మాస్టారూ, ఇప్పటికీ ఎక్కడైనా విజిల్ వినబడితే నా కాళ్లు వాటంతటవే సర్దుకుంటాయి.

ఆరోగ్యం మీద కాసేపు మాట్లాడమని మన సంఘం కార్యదర్శి అడిగారు. నేను డాక్టరును కాదు. ముప్పై ఏళ్లకు పైగా సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు ఇంజనీరును. నాకు తెలిసినవి మోటార్లు, బెల్టులు, రోలర్లు, బేరింగులు. ఈ నాలుగూ ఉన్న ఆరోగ్య వస్తువు ఒకటే ఉంది. దాని గురించే మాట్లాడతాను.

ఈ విషయం ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. తొమ్మిది, పది తరగతుల్లో నా పక్కన కూర్చున్నవాడు, లెక్కల హోంవర్కు నా దగ్గరా, సోషల్ మ్యాపులు వాడి దగ్గరా ఒకరిది ఒకరం చూసి రాసుకున్నవాళ్లం, మూడేళ్ల కిందట ఫోన్ చేశాడు. "షుగరు వచ్చిందిరా. డాక్టరు రోజూ నడవమన్నాడు. మా వీధిలో కుక్కలు, బయట రోడ్డు మీద లారీలు. ఇంట్లోకి ఏ ట్రెడ్‌మిల్ కొనాలిరా? నువ్వు ఇంజనీరువి, నువ్వు చెప్పింది కొంటా" అన్నాడు. చూసి చెబుతానన్నాను. చూశాను కూడా. పద్నాలుగు మోడళ్లు తీసుకుని పెద్ద పట్టిక తయారు చేశాను. మోటారు, బెల్టు, వారంటీ, ధర అన్నీ గడులు గీసి నింపాను. నెల గడిచింది. వాడు రెండుసార్లు గుర్తు చేశాడు. "ఇంకొక్క కంపెనీ వాళ్లు వివరాలు పంపాలి, ఆగు" అన్నాను. నాలుగో నెలలో వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. గుండెపోటు అన్నాడు. అప్పటికే అంతా అయిపోయింది.

ట్రెడ్‌మిల్ ఉంటే వాడు బతికేవాడని నేను అనను. అలా అనడానికి నా దగ్గర లెక్కేమీ లేదు. కానీ అడిగిన ప్రశ్నకు నాలుగు నెలలపాటు జవాబు చెప్పలేదన్నది నిజం. ఆ జవాబు ఇవాళ మీ అందరికీ చెబుతున్నాను.

ముందు ఈ యంత్రం కథ రెండు ముక్కల్లో. దీన్ని మొదట కట్టింది జైళ్ల కోసం. 1818లో ఇంగ్లండులో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు ఖైదీలు మెట్లెక్కినట్టు తొక్కే పెద్ద చక్రం తయారు చేశాడు. కొన్నిచోట్ల ఆ చక్రంతో ధాన్యం పిండి పట్టేవారు. పేరులో 'మిల్' అందుకే ఉంది. తర్వాత 1950ల్లో అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం డాక్టరు రాబర్ట్ బ్రూస్, ఇంజనీరు వేన్ క్వింటన్ కలిసి గుండె పరీక్షకు మోటారుతో నడిచే బెల్టు వాడారు. మనలో చాలామంది చేయించుకున్న టీఎంటీ పరీక్ష అక్కణ్ణించి వచ్చిందే. మొదటి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్లు, 10 శాతం ఎత్తు. మూడు నిమిషాలకోసారి వేగమూ ఎత్తూ పెంచుతారు. ఆ పద్ధతికి ఇప్పటికీ బ్రూస్ పేరే. ఇక ఇళ్లలోకి తెచ్చింది విలియం స్టాబ్ అనే మెకానికల్ ఇంజనీరు. 1968లో కెన్నెత్ కూపర్ అనే డాక్టరు రాసిన 'ఏరోబిక్స్' పుస్తకం చదివి, జనం ఇంట్లో కొనుక్కోగల యంత్రం ఒకటి లేదని గమనించి, తనే ఒకటి తయారు చేశాడు. ఆయన 96 ఏళ్లు బతికి 2012లో పోయారు. శిక్షగా మొదలై, పరీక్షగా మారి, చివరికి మన హాల్లోకి వచ్చింది. చాలా ఇళ్లలో ఆ తర్వాత నాలుగో అవతారం కూడా ఎత్తుతుంది. బట్టలు ఆరేసుకునే దండెం. నవ్వకండి, మీ ఇంట్లో ఉన్నది కూడా నాకు తెలుసు.

మా ఇంట్లో మొదటి మెషీన్ దండెం అయ్యేదాకా కూడా బతకలేదు. పదేళ్ల కిందట పండగ ఆఫర్లో కొన్నాను. మోటారు బలం ఎంతో స్టిక్కర్ మీద పెద్దక్షరాల్లో ఉంది. ధర తక్కువ. నేనూ మా ఆవిడా మార్చి మార్చి నడిచేవాళ్లం. పద్నాలుగో నెలలో ఒకరోజు కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. వచ్చిన మెకానిక్ చిన్న కుర్రాడు. మూత తీసి, మాడిపోయిన కంట్రోలర్ బోర్డు చూపించి, బెల్టు కింద చెయ్యి పెట్టి, "సార్, దీనికి ఆయిల్ ఎప్పుడు వేశారు?" అని అడిగాడు. ఎప్పుడూ వేయలేదు. ఫ్యాక్టరీలో కిలోమీటరు పొడవున్న కన్వేయరు బెల్టును ప్రతి షిఫ్టులో నడిచి చూసి, ఏ రోలరు శబ్దం మారిందో చెవితో పట్టుకునే మనిషిని. ఇంట్లో బెల్టును సోఫాలాగా చూశాను. "మీరేం చేస్తుంటారు సార్?" అని ఆ కుర్రాడు అడిగితే నిజం చెప్పడానికి సిగ్గేసింది.

ఆ సిగ్గులోంచి నేర్చుకున్నవి చెబుతాను.

మొదటిది, ఎవరు నడుస్తారు, ఎన్ని గంటలు నడుస్తారు? కొట్టుకు వెళ్లే ముందు ఇది కాగితం మీద వేసుకోవాలి. ఒక మనిషి రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు నడిస్తే ఏడాదికి 130 గంటలు. ఇంట్లో నలుగురు నడిస్తే 520 గంటలు. మనిషి నిమిషానికి సుమారు వంద అడుగులు వేస్తాడు. అంటే అరగంటలో మూడు వేల అడుగులు. 85 కిలోల మనిషైతే, ఆ బరువు మూడు వేలసార్లు బెల్టును కింది పలక మీద అదుముతుంది. మోటారు దాన్ని ప్రతిసారీ లాక్కుపోవాలి. ఇంట్లో అందరికన్నా బరువైన మనిషికి కనీసం పాతిక కిలోలు కలిపి, ఆ బరువును మోయగల మెషీన్ చూసుకోండి. సరిగ్గా అంచు దాకా పని చేయించే యంత్రం ఏదీ ఎక్కువ కాలం మన్నదు.

రెండోది, హార్స్‌పవరు. ఇక్కడే ఎక్కువమందిమి మోసపోతాం. ఒక హార్స్‌పవరు 746 వాట్లని మన ఫిజిక్సు మాస్టారు ముగ్గురు ముగ్గురిని లేపి చెప్పించారు గుర్తుందా? ఇప్పుడు ఆ లెక్క పనికొస్తుంది. స్టిక్కర్ మీద 6 హెచ్.పి. అని ఉందనుకోండి. 6ను 746తో గుణిస్తే 4,476 వాట్లు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. భాగిస్తే 19 ఆంపియర్ల పైచిలుకు. మన గీజర్లు పెట్టుకునే పెద్ద ప్లగ్గే 16 ఆంపియర్లది. ఇప్పుడు ఆ మెషీన్ వైరు చివర చూడండి. మిక్సీకి ఉండేలాంటి 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు ఉంటుంది. దానిగుండా లోపలికి పోగలిగేది 1,380 వాట్లు. రెండు హెచ్.పి. కూడా కాదు. మరి ఆరు ఎక్కణ్ణించి వచ్చింది? అది క్షణకాలం వచ్చే పీక్ అంకె. మనకు కావలసింది గంటల తరబడి వేడెక్కకుండా ఇవ్వగల బలం. దాన్ని కంటిన్యువస్ డ్యూటీ అంటారు. అది ఎంతో కాగితం మీద చూపించమని అడగండి. నడకకు కంటిన్యువస్‌గా 2 హెచ్.పి. దగ్గర, పరుగుకు 3 దగ్గర ఉంటే ఇంటికి సరిపోతుంది. చూపించలేకపోతే ఆ కొట్టులోంచి బయటికి రండి.

ఇక్కడ ఒక అపోహ ఉంది. "నేను మెల్లగా నడుస్తాను, నాకు చిన్న మోటారు చాలు" అంటారు. అసలు సంగతి తిరకాసు. ఇళ్లలో వాడే మెషీన్లలో ఎక్కువగా డీసీ మోటార్లుంటాయి. దాని మీద పడే భారాన్ని బట్టి అది తీసుకునే కరెంటు పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వైండింగులో పుట్టే వేడి నాలుగింతలు. మోటారును చల్లబరిచే ఫ్యాను చాలావాటిలో మోటారు ఇరుసుకే ఉంటుంది. వేగం తగ్గితే ఫ్యానూ తగ్గుతుంది. కాబట్టి బరువైన మనిషి గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో నడిస్తే మోటారుకు భారం ఎక్కువ, గాలి తక్కువ. మన వయసుకు, మన బరువులకు, మన నడకకు మంచి మోటారే కావాలి.

జిమ్ముల్లో ఉండే ఏసీ మోటార్ల సంగతి అడుగుతారు. అవి రోజంతా తిరగడానికి పుట్టినవి. కార్బన్ బ్రష్షులు అరిగే బెడద ఉండదు. కానీ ధర, బరువు, కరెంటు అన్నీ ఎక్కువే. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి మంచి డీసీ మోటారు చాలు. వాడకానికి మించి కొనడం కూడా డబ్బు దండగే.

మూడోది, కంటికి కనబడని రోలర్లు. బెల్టు ముందూ వెనకా ఉన్న రోలర్ల మీద వంగుతూ తిరుగుతుంది. రోలరు సన్నగా ఉంటే బెల్టు ఎక్కువ వంగాలి, బేరింగు ఎక్కువ చుట్లు తిరగాలి. ఫ్యాక్టరీలో కన్వేయరుకు పుల్లీ ఎంత లావుండాలో బెల్టు మందాన్ని బట్టి లెక్క కడతాం. ఇక్కడా అదే సూత్రం. చవక మెషీన్లలో రోలరు 40 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 50 దాటితే మంచిది, 60 ఉంటే ఇంకా మంచిది. బెల్టు నడకకైతే 45 సెంటీమీటర్ల వెడల్పు, 120 పొడవు చాలు. పరిగెత్తే పిల్లలుంటే 50 వెడల్పు, 140 పొడవు చూడండి. పొట్టి బెల్టు మీద పొడుగు మనిషి కుచించుకుని నడుస్తాడు. అప్పుడు మోకాళ్లు నొప్పులంటాయి, నింద నడక మీద పడుతుంది.

మొత్తం మెషీన్ బరువు ఎంతో కూడా అడగండి. అబద్ధం చెప్పడం కష్టమైన అంకె అది. ఇనుము ఎంత ఉందో అదే చెబుతుంది. కొట్టులో దాని మీదెక్కి, రెండు చేతులతో పిడులు పట్టుకుని పక్కలకు ఊపండి. ఊగితే వద్దు. మీ చెప్పులు వదిలి, నడిచే బూట్లేసుకుని, పది నిమిషాలు నడిచి చూడండి. కొట్టువాడు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి.

నాలుగోది, వారంటీ. "మోటారుకు పదేళ్లు" అని పెద్దగా రాస్తారు. కింద చిన్న అక్షరాల్లో ఎలక్ట్రానిక్సుకు ఒక ఏడాది అని ఉంటుంది. నాది పోయింది బోర్డు. మోటారు బాగానే ఉంది, చనిపోయినవాడి వాచీలాగా. అందుకని రెండు ప్రశ్నలు అడగండి. బోర్డుకు వారంటీ ఎంత? అయిదేళ్ల తర్వాత ఇదే బోర్డు దొరుకుతుందా? మూడో ప్రశ్న మన ఊళ్లవాళ్లకు మరీ ముఖ్యం. మెకానిక్ ఎక్కణ్ణించి వస్తాడు? హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో రావాలంటే వాడొచ్చేలోపు మన నడక అలవాటు పోతుంది. నలభై కిలోమీటర్లలో మెకానిక్ ఉన్న మామూలు మెషీన్, మెకానిక్ లేని గొప్ప మెషీన్ కన్నా మేలు.

టచ్ స్క్రీన్లకు, స్పీకర్లకు, పక్కన తగిలించే మసాజ్ బెల్టులకు డబ్బు పెట్టకండి. అవి ముందు పాడవుతాయి. పాత పాటలు వినడానికి మీ సెల్‌ఫోన్ చాలు. ఆ డబ్బు రోలరు మీద, ఇనుము మీద పెట్టండి.

అయిదోది, ఇల్లు. మెషీన్‌కు విడిగా 16 ఆంపియర్ల పాయింటు, మంచి ఎర్తింగు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు, ఇంట్లో ఇన్వర్టరు మీద అసలు వద్దు. నడక అయ్యాక గోడ స్విచ్చి కట్టేయండి. వానాకాలం పిడుగులకు, కరెంటు పోయి వచ్చేటప్పటి ఎగుడుదిగుళ్లకు బోర్డులు ఊరికే పోతాయి. బాల్కనీలో పెట్టకండి, దుమ్ము, తడి రెండూ తింటాయి. ఇంకో సంగతి, పైకి చూడండి. బెల్టు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. ఆరడుగుల మనిషి దాని మీద నడుస్తూ చెయ్యెత్తితే సీలింగు ఫ్యాను ఎక్కడుందో కొలుచుకోవాలి. అపార్టుమెంటులో అయితే కింద రబ్బరు మ్యాటు వేయండి. కింది ఇంటివాళ్లు కూడా తెల్లవారుజామున నిద్రపోవాలి కదా.

వెనక కనీసం ఆరడుగుల ఖాళీ వదలండి. కాలు తప్పితే బెల్టు మనిషిని వెనక్కి విసురుతుంది. వెనక గోడ ఉంటే మనిషి గోడకూ బెల్టుకూ మధ్య ఇరుక్కుంటాడు. చొక్కాకు తగిలించుకునే ఎర్ర తాడు ఉంటుంది చూశారా, సేఫ్టీ కీ. దాన్ని అలంకారమనుకోకండి. మనిషి పడితే అది ఊడి మెషీన్ ఆగుతుంది. వాడనప్పుడు ఆ కీ తీసి పిల్లలకు అందని చోట పెట్టండి. 2021లో అమెరికాలో ఒక పేరున్న కంపెనీ మెషీన్ కింద పడి ఒక చిన్నారి ప్రాణం పోయాక, ఆ మోడల్ మెషీన్లన్నిటినీ వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మనలో చాలామందికి మనవలు వచ్చే వయసు. వాళ్ల వేళ్లు వెనక రోలరు దగ్గరికే పోతాయి.

ఇక చివరిది, నేను చేయనిది, ఆయిలు. చాలా మెషీన్లకు బెల్టు కింద సిలికాన్ ఆయిలు వేయాలి. రెండు మూడు నెలలకోసారి బెల్టు కింద చెయ్యి పెట్టి చూడండి. పొడిగా తగిలితే వేయాలి. ఆయిలు అక్కర్లేని బెల్టులూ ఉంటాయి, అందుకని మెషీన్‌తో వచ్చిన పుస్తకం చదవండి. కొబ్బరినూనె, ఇంజను ఆయిలు, తలుపులు కిర్రుమంటే కొట్టే స్ప్రే వద్దు, బెల్టు పాడవుతుంది. రెండో మెషీన్ కొన్నాక ఫ్యాక్టరీ నుంచి టాంగ్ టెస్టరు తెచ్చి, నేను నడుస్తుండగా మా ఆవిడ చేత కరెంటు కొలిపించాను. ఆయిలు వేయకముందు ఎంతుందో, వేశాక దాదాపు మూడో వంతు తగ్గింది. వంద గ్రాముల ఆయిలు చేసిన పని అది. అది లేకే నా మొదటి బోర్డు మాడింది.

బెల్టు ఒక పక్కకు పోతుంటే కంగారు పడకండి. వెనక రెండు బోల్టులుంటాయి. ఎడమకు పోతే ఎడమ బోల్టును ఎల్ కీతో పావు చుట్టు బిగించి, ఒక నిమిషం తిరగనిచ్చి చూడండి. చాలకపోతే మరో పావు. ఒకేసారి రెండు చుట్లు తిప్పితే బేరింగులు పోతాయి. నెలకోసారి చుట్టూ దుమ్ము తుడవండి. ఏడాదికోసారి ప్లగ్గు తీసేసి, మూత విప్పించి, మోటారు మీది దుమ్ము దులిపించండి. అంతే. రెండో మెషీన్‌కు తొమ్మిదో ఏడు నడుస్తోంది. బెల్టు ఒకసారి మార్చాను, మోటారు, బోర్డు కొన్ననాటివే.

తెలిసినవాళ్ల ఇంట్లో దండెంగా ఉన్న మంచి మెషీన్ దొరికితే అదీ ఆలోచించండి. కంపెనీ ఇంకా ఉందా, బోర్డు దొరుకుతుందా అని కనుక్కుని, అరగంట నడిచి, మోటారు మూత మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వదిలేయండి.

ఇంత చెప్పాను కదా, దీన్ని పట్టుకుని మీరు కూడా పద్నాలుగు మోడళ్ల పట్టిక వేయకండి. నేను చేసిన తప్పు అదే. మూడు మోడళ్లు చూడండి. ఒక ఆదివారం పెట్టుకోండి. ఆ సాయంత్రానికి ఒకటి తేల్చేయండి. తొంభై మార్కుల మెషీన్ మీద ఇవాళ నడిచిన నడక, నూరు మార్కుల మెషీన్ కోసం ఆగిన నాలుగు నెలల కన్నా ఎక్కువ. మెషీన్ వచ్చేదాకా డాబా మీద నడవండి, హాల్లో నడవండి. వారానికి 150 నిమిషాలు చురుకైన నడక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏ మెషీన్ మీదో అది చెప్పలేదు. గుండె జబ్బు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించుకోండి. నడుస్తుండగా ఛాతీలో బరువుగా అనిపిస్తే ఆపి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. "గ్యాసేలే" అనుకోవద్దు. మా వాడు ఆ రాత్రి అదే అనుకున్నాడట.

మోటారుకు పీక్ అంకె ఒకటి, కంటిన్యువస్ అంకె ఒకటి ఉంటాయని చెప్పాను. మనకూ అంతే. స్కూలు రోజుల్లో వంద మీటర్లలో ఎవరు ఫస్టు వచ్చారన్నది పీక్. వచ్చే పదేళ్లు రోజూ అరగంట నడవగలమా అన్నది కంటిన్యువస్. ఆ రోజుల్లో డ్రిల్లు మాస్టారు వెనకబడ్డవాణ్ణి తిట్టలేదు, ఆగిపోయినవాణ్ణి తిట్టారు. ఎందుకో నాకు ఈ వయసులో అర్థమైంది.

రేపు కార్యక్రమం తొమ్మిదింటికి మొదలవుతుంది. నేను ఆరింటికే మన గ్రౌండులో ఉంటాను. నాలుగు రౌండ్లు నడుద్దాం. మాస్టారూ, వీలైతే విజిల్ తీసుకురండి. నా మిత్రుడికి ఇవ్వాల్సిన జవాబు ఇంతకంటే ముందే ఇవ్వాల్సింది. మీలో ఎవరైనా అదే ప్రశ్న అడగాలనుకుంటే రేపు నడుస్తూ అడగండి, అక్కడికక్కడే చెబుతాను.